ప్లీడరు గార్లకు, ఆ ‘చిన్న పిటిషన్’ గురించి

గౌరవనీయులైన ప్లీడరు గార్లకు,

నమస్కారం. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఫ్యామిలీ కోర్టుల్లో, మెజిస్ట్రేటు కోర్టుల్లో భరణం కేసులు చూసే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం. నేను మీ ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బెంచీ మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చునే రకం మనిషిని. పదిహేనేళ్లుగా మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌గా గోదావరి జిల్లాలు తిరుగుతున్నాను. విడాకులైనవాణ్ని. 2019లో, నా కూతురు నాకు పుట్టిందో లేదో డీఎన్‌ఏ పరీక్ష చేయించి తేల్చమని కోర్టులో పిటిషన్ వేసినవాణ్ని.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి కథ నడపడం నాకు చేతకాదు. ఆ పిల్ల నా పిల్లే. పిటిషన్ మీద సంతకం పెట్టే రోజున కూడా నాకు ఆ విషయం తెలుసు.

2018లో మాకు విడాకులు వచ్చాయి. ఇద్దరం ఒప్పుకునే తీసుకున్నాం. ఆవిడ తనకేమీ వద్దంది. ఆగస్టులో మాత్రం పాప తరఫున, నెలకు పది వేలు ఇప్పించమని ఎం.సి., అంటే భరణం కేసు, వేసింది. నోటీసు ఇంటికి వచ్చిన రోజు నేను అమలాపురంలో ఒక డాక్టరు గారి క్లినిక్ బయట శాంపిల్స్ బ్యాగుతో నిలబడి ఉన్నాను. మా అమ్మ ఫోన్ చేసి, ‘‘ఏదో కోర్టు కాగితంరా, నీ పేరే ఉంది’’ అంది. విడాకులతో అన్నీ తెగిపోయాయనుకున్న మొగుడికి అలాంటి కాగితం వస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒళ్లు మండిపోయింది. నాకు అప్పుడు జీతం ముప్పై రెండు వేలు. ఆ కోపంలో పాప మొహం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

నా ప్లీడరు గారి పేరు, ఊరు చెప్పను. చెడ్డ మనిషి కాదు. ఫీజు కోసం ఎప్పుడూ పీడించలేదు. ఫైలు తిరగేసి, పెళ్లెప్పుడు, పాప ఎప్పుడు పుట్టింది అని అడిగి, ‘‘మీది టూర్ల ఉద్యోగం కదా?’’ అన్నారు. వారంలో మూడు రోజులు బయటే ఉండేవాణ్నని చెప్పాను. పెన్ను టేబుల్ మీద రెండుసార్లు తట్టి, ‘‘అయితే ఒక చిన్న పిటిషన్ పడేద్దామండీ. పాప పుట్టుక మీద అనుమానం ఉందని. అది తేలేదాకా మెయింటెనెన్స్ కదలదు. ఈలోగా వాళ్లే రాజీకి వస్తారు’’ అన్నారు.

‘‘కానీ పాప నా పాపేనండీ’’ అన్నాను.

‘‘కాదని మనం మాత్రం ఎక్కడ అంటున్నాం? పరీక్ష అడుగుతున్నాం, అంతేగా.’’

గుమాస్తా టీ తెచ్చాడు. తాగాను.

అఫిడవిట్ ఇంగ్లీషులో టైపు చేశారు. చదవకుండా సంతకం పెట్టేశానని రాస్తే మీలో కొందరు నమ్ముతారేమో గానీ, నేను బీఎస్సీ చదివినవాణ్ని, ప్రతి లైనూ చదివాను. నా మూడు రోజుల టూర్లు అందులో ‘ఉద్యోగరీత్యా సుదీర్ఘకాలం ఇంటికి దూరంగా’ అయిపోయాయి. తుని వెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఇంటికొచ్చి చారన్నం తిన్నవాణ్ని, ఆ కాగితంలో దుబాయ్ వెళ్లినవాడిలా కనిపించాను. ఇంకో పేరాలో ఆవిడకి ‘ఇరుగుపొరుగున ఒకరితో చనువు’ అని రాశారు. పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. మేం అద్దెకున్న ఇంటి మేడ మీద ఒక్కడే కుర్రాడు ఉండేవాడు, ఇంజనీరింగ్ చదువుకునేవాడు. తెల్లవారుజామున నాకు సామర్లకోట స్టేషన్ దాకా బండి మీద లిఫ్ట్ ఇచ్చేవాడు. ఆ పేరా వాడి మీద పడింది. వాళ్ల నాన్న తరవాత ఎప్పుడో బజార్లో ఎదురై, నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాడు.

చట్టం ఏం చెబుతోందో నేను తరవాత చదివాను. ముందు చదవాల్సింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 116. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా పెళ్లి రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లాడకుండా ఉండగా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డే. దాన్ని కాదనాలంటే, ఆ బిడ్డ కడుపున పడగలిగిన రోజుల్లో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని చూపించాలి. మా ఇద్దరికీ ఉన్నది ఒక గదీ ఒక వంటిల్లూ. కలుసుకునే వీలు సంగతి అటుంచండి, పోట్లాడుకున్న రోజు ఒకరి కంట ఒకరు పడకుండా ఉండే వీలు కూడా లేని ఇల్లది.

రక్తపరీక్షలకు అడగ్గానే ఆర్డరు ఇవ్వకూడదని, భరణం ఎగ్గొట్టడానికి ఊరికే ఏదో దొరుకుతుందని వెతికే పిటిషన్లను ఒప్పుకోకూడదని సుప్రీంకోర్టు 1993లోనే, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. ఆ కేసు పేరు మీకు నోటికే వచ్చి ఉంటుంది. అదీ భరణం కేసే, అక్కడా బిడ్డ తనది కాదన్న భర్తే. అంటే నేను మీ దగ్గరికి వచ్చేనాటికి ఇరవై ఐదేళ్ల పాత సంగతి. మరి నాకెందుకు చెప్పలేదు? ‘ఈ పిటిషన్ నిలవదు, అయినా వేద్దాం, టైం కలిసొస్తుంది’ అని ఎవరూ నాతో అంత సూటిగా అనలేదు. అని ఉంటే కాస్త సిగ్గు పడేవాణ్నేమో. ‘చిన్న పిటిషన్’ అన్నారు, నేనూ చిన్నదే అనుకున్నాను.

నిలవని పిటిషన్ ఎలా నెగ్గిందీ అంటారా? ఆవిడ ఒప్పేసుకుంది. వాళ్ల ప్లీడరమ్మ గారు ‘‘వద్దందాం, చట్టం మనవైపే ఉంది’’ అని చెప్పారట, నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. ఆవిడ వినలేదు. వద్దంటే కోర్టు సంగతేమో గానీ ఊరు ఏమనుకుంటుంది? ఏదో ఉంది కాబట్టే వద్దంది అంటారు. నా పిటిషన్‌కి ఆవిడ ఇచ్చిన జవాబు, కౌంటరు, ఒకటిన్నర పేజీ. చివర్లో ఒక లైను: పరీక్షకు ఎప్పుడు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం, ఖర్చు మాత్రం అతనే పెట్టుకోవాలి. ఆ లైను ఆవిడ మాటే, ప్లీడరు భాష కాదు. చదువుతుంటే గొంతు కూడా వినిపించింది.

మీరు కోర్టులో నిలబడి ‘అమ్మాయి తరఫువాళ్లకే అభ్యంతరం లేదు సార్’ అంటారు చూడండి, అప్పుడు ఆ అభ్యంతరం లేకపోవడం వెనక ఏముందో ఒక్క క్షణం ఆలోచించండి. 2014లో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు, భార్య పరీక్షకు నిరాకరించవచ్చు గానీ, నిరాకరిస్తే కోర్టు ఆమెకు వ్యతిరేకంగా భావించే వీలుందని అంది. ఆ మాట అడ్డం పెట్టుకుని ఎంతమంది ఆడవాళ్లని ల్యాబుల దాకా నడిపించారో మీకే తెలియాలి. 2023 ఫిబ్రవరి 20న వచ్చిన తీర్పు వేరేగా మాట్లాడింది. జస్టిస్ రామసుబ్రమణియన్, జస్టిస్ నాగరత్న ఇచ్చిన తీర్పది. తల్లిదండ్రుల గొడవలో బిడ్డను అస్త్రం చేయకూడదని, బిడ్డకూ తన శరీరం మీద, తన పుట్టుక వివరాల మీద గోప్యత ఉంటుందని, బిడ్డను పరీక్షకు పంపనన్నంత మాత్రాన తల్లి మీద నింద మోపలేరని చెప్పింది. దానికి ముందే, 2022లో, తెలంగాణ నుంచి వెళ్లిన వరకట్న వేధింపుల కేసులో ఇద్దరు పిల్లల రక్తం తీయమన్న ఆర్డరునీ కొట్టేసింది. ఆ పిల్లలు ఆ కేసులో పార్టీలు కూడా కారు. ఈ చివరి రెండూ నా కేసు అయిపోయాక వచ్చాయి. మీ దగ్గర ఇప్పుడు కూర్చున్నవాడి కేసు ఇంకా అయిపోలేదు కదా.

శాంపిల్ ఇచ్చిన రోజు సంగతి చెప్పాలి. 2019 నవంబరు, గవర్నమెంటు హాస్పిటల్లో పొడుగాటి గది. కోర్టు నుంచి ఒక అటెండరు, ఒక డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు. ముగ్గురికీ మూడు ఫారాలు. ఒక్కోదాని మీద ఫొటో అంటించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. పాపకి ఐదేళ్లు. నేను చూసి అప్పటికి రెండేళ్లు దాటింది. సంతకం రాదు కాబట్టి ఎడం చేతి బొటనవేలు పట్టుకుని స్టాంప్ ప్యాడ్ మీద అద్ది ఫారం మీద నొక్కించారు. మొదటిసారి చెదిరింది, మళ్లీ నొక్కించారు. ఆ ఊదారంగు సిరాని పిల్ల గౌనుకి తుడుచుకుంటుంటే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది, చెంగుతో తుడిచింది. తరవాత నర్సు సూది తీసింది. ఆ సంవత్సరమే పాపకి డెంగ్యూ వచ్చి తగ్గిందట. రక్తం తీస్తున్నారంటే ఆ పిల్లకి తెలిసిన కారణం అదొక్కటే. ముందు నా చేతికి సూది గుచ్చుతుంటే కళ్లార్పకుండా చూసి, వాళ్లమ్మని అడిగింది:

‘‘ఈ అంకుల్‌కి కూడా జ్వరమా అమ్మా?’’

నర్సు నవ్వేసింది, పాపం ఆమెకేం తెలుసు. వాళ్లమ్మ ఏమీ అనలేదు. నేను దూది నొక్కి పట్టుకుని గోడ మీద టీకాల పోస్టరు చదువుతూ కూర్చున్నాను.

ఆ పరీక్ష గురించి కూడా నేను చదివిందొకటి ఉంది. డీఎన్‌ఏ ముద్రలతో మనుషుల్ని పోల్చే విద్యను మన దేశంలో నిలబెట్టింది హైదరాబాద్‌లోనే, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో, శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి చేతుల మీదుగా. 1980ల చివర్లో కేరళలోని తలస్సేరి కోర్టు నుంచి వచ్చిన ఒక కేసు, మన దేశంలో పుట్టుక తగాదాని ఈ పరీక్షతో తేల్చిన తొలి కేసుగా చెప్తారు. అది భరణం కేసే. ఒక తల్లి తన బిడ్డను పోషించమని అడిగితే, మగవాడు నాకు సంబంధం లేదన్నాడు. పరీక్ష ఆ తల్లి మాటే నిజమని చెప్పింది. అంటే ఈ విద్య మన కోర్టుల్లోకి అడుగుపెట్టింది ఒక పిల్లవాడికి తిండి పెట్టించడానికి. నేను దాన్ని వాడింది నా పిల్ల తిండి ఆపడానికి.

రిపోర్టు కవరు రావడానికి చాలా కాలం పట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, కోర్టులు మూతపడ్డాయి. నాకు సంతోషమే అయిందని ఒప్పుకోవాలి. ఒక్కో వాయిదా పోతుంటే పది వేలు మిగిలినట్టు లెక్క వేసుకునేవాణ్ని. ఆ ఏడాది చివర్లో కవరు విప్పారు. జీవసంబంధమైన తండ్రిని నేనే. మధ్యంతర భరణం సంగతి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు, ‘డీఎన్‌ఏ తేలాక చూద్దాం’ అని ప్రతి వాయిదాకీ ఒకే మాట. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, మధ్యంతర భరణం సంగతి తేల్చాలని చట్టంలోనే రాసి ఉంది. నా కేసులో రెండేళ్లు దాటింది.

సాక్ష్యం రోజున ఆవిడ ఫీజు రసీదులు ఒక్కొక్కటిగా చూపిస్తుంటే ఎగ్జిబిట్లుగా మార్కు చేశారు. పి-4 దాకా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూలు. పి-5 మునిసిపల్ స్కూలు స్టడీ సర్టిఫికెట్. జడ్జిగారు తల ఎత్తి నా వైపు చూశారు, మళ్లీ రాసుకున్నారు.

2021 మార్చిలో ఆర్డరు వచ్చింది. నెలకు ఏడు వేలు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో భరణాన్ని దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది కదా, దాని ప్రకారం 31 నెలల బకాయి, 2,17,000 రూపాయలు. చిట్టీ నష్టానికి పాడుకుని కట్టాను. పరీక్ష ఫీజు, మీ ఫీజులు, వాయిదాల ఖర్చు, పోయిన సెలవులు కలిపితే ఇంకో లక్ష దాకా అయింది. అంటే పద్నాలుగు నెలల భరణం, పాపకి కాకుండా ఇంకెవరెవరికో ఇచ్చాను. డబ్బు మిగుల్చుకుందామని కదా మొదలుపెట్టింది!

ఇక్కడ ఒక మాట. మగవాళ్లందరూ నాలాంటివాళ్లేనని నేను అనడం లేదు. నిజంగా మోసపోయినవాళ్లు ఉంటారు, వాళ్ల బాధని నా తప్పుతో కొట్టేయకూడదు. 2014లో మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసులో భర్త తమ మధ్య ఏళ్ల తరబడి సంబంధమే లేదని మొదట్నుంచీ ఒకే మాట మీద నిలబడ్డాడు. పరీక్ష ఒకసారి నాగ్‌పూర్‌లో, ఆవిడ అభ్యంతరం చెబితే మళ్లీ మన హైదరాబాద్ కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబులో జరిగింది. రెండుసార్లూ అతను తండ్రి కాదనే వచ్చింది. చట్టం ఊహించుకునే దానికన్నా సైన్సు తేల్చిన నిజం పైదని సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. అలాంటి మనిషి మీ దగ్గరికి వస్తే అతని కోసం గట్టిగా వాదించండి. అతనికీ నాకూ తేడా కనిపెట్టడం మీకు కష్టం కాదు. ఆ అనుమానం ఎప్పటిదో అడగండి. భరణం నోటీసు వచ్చిన మర్నాడు పుట్టిన అనుమానమైతే అది పాప గురించి కాదు, నోటీసు గురించి.

ఇంకో రకం కేసుంది, మనకి దగ్గరి సంబంధం ఉన్నదే. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా చేసిన ఎన్.డి. తివారీ గారి కేసు. అక్కడ పరీక్ష కావాలన్నది కొడుకు. నా తండ్రి ఎవరో తెలుసుకునే హక్కు నాకుందని పెద్దవాడయ్యాక తానే కోర్టుకెక్కాడు. రక్తం ఇవ్వనని పెద్దాయన చివరిదాకా పోట్లాడారు. 2012లో శాంపిల్ హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీకే వచ్చింది, జులైలో ఢిల్లీ హైకోర్టు కవరు విప్పితే తండ్రి ఆయనేనని తేలింది. బిడ్డ తన కోసం తాను అడిగిన పరీక్ష అది. మా పాప ఏమీ అడగలేదు. జ్వరమా అని మాత్రం అడిగింది.

మిమ్మల్ని నేను కోరేది పెద్దదేం కాదు. నాలాంటివాడు వచ్చి కూర్చున్నప్పుడు, ఆ పిటిషన్ డ్రాఫ్టు చేసేముందు అతన్ని ఒక ప్రశ్న అడగండి: ఆ నెలల్లో నువ్వూ నీ భార్యా ఒకే ఇంట్లో ఉన్నారా? ఉన్నాం అంటే, ‘ఇది నిలవదయ్యా, నెలకు ఎంత ఇవ్వగలవో చెప్పు, అది తగ్గించడానికి వాదిస్తాను’ అనండి. నా ఆదాయం, అప్పులు, అమ్మ మందుల ఖర్చు, ఇవి చూపించి పది వేలు ఏడు చేయించారు కదా, అది న్యాయమైన వాదన. దానికి నేనిప్పటికీ మీకు ఋణపడి ఉన్నాను. నిజంగా అనుమానానికి ఆధారం ఉన్న కేసైనా, అది తేలేదాకా పిల్లకి తిండీ ఫీజూ ఆగకుండా మధ్యంతర భరణానికి అడ్డుపడకండి. పక్కింటి కుర్రాళ్లని ఆధారం లేకుండా అఫిడవిట్లలోకి లాక్కురాకండి. ఇంకోటి, ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కింద ఏ పక్షం అడిగినా తలుపులు మూసి విచారించాల్సిందే. మీరెందుకో అడగరు. నా పిటిషన్ మీద వాదనలు జరిగిన రోజు హాల్లో యాభై మంది ఉన్నారు, అందులో ముగ్గురు మా వీధివాళ్లు, వాళ్ల స్థలం కేసు కోసం వచ్చారు.

తల్లి తరఫున వాదించే ప్లీడర్లు కూడా మీ క్లయింటు ‘చేయించుకోనీండి’ అని పౌరుషంగా అన్నప్పుడు తొందరపడి ఒప్పేసుకోకండి. ఆవిడ పౌరుషం ఆవిడది, రక్తం పిల్లది.

పాపకి ఇప్పుడు పదకొండేళ్లు, ఆరో క్లాసు. మళ్లీ ఇంగ్లీషు మీడియంలోనే. ప్రతి నెలా ఐదో తారీఖులోపు డబ్బు వేస్తాను, పోయిన ఏడాది నుంచి ఎవరూ అడక్కుండానే తొమ్మిది వేలు చేశాను. నెలకో ఆదివారం చూడ్డానికి వెళ్తాను. నాన్నా అనే పిలుస్తుంది. పిలవబోయేముందు ఒక్క క్షణం ఆగుతుంది, అది నాకే కనబడుతుందనుకుంటాను.

ఆమధ్య ఒక రాత్రి నిద్రపట్టక, కోర్టుల వెబ్‌సైటులో నా కేసు నంబరు కొట్టి చూశాను. ఆర్డరు పీడీఎఫ్ వచ్చింది. మొదటి పేజీలో పాప పేరు ఇంటిపేరుతో సహా ఉంది, మైనరు, తల్లి సంరక్షణలో అని. మూడో పేజీలో నా పిటిషన్ సంగతంతా ఉంది, ‘ప్రతివాది తన పితృత్వాన్ని వివాదం చేస్తూ’ అని మొదలై. ఆ పిల్లకి ఫోన్ వాడటం నాకన్నా బాగా వచ్చు. ఇంగ్లీషు చక్కగా చదువుతుందని టీచర్లు మెచ్చుకుంటున్నారని వాళ్లమ్మే చెప్పింది.

మర్నాడే మా ప్లీడరు గారికి ఫోన్ చేసి, పాప పేరు తీసేసి పొడి అక్షరాలు పెట్టించే దారి ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘‘దానికీ ఒక చిన్న పిటిషన్ వేయాలండీ’’ అన్నారు.

వేయమన్నాను. ఈసారి అఫిడవిట్ నేనే తెలుగులో రాసిచ్చాను.

ఇట్లు,
ఆ ఎం.సి.లో ప్రతివాది, ఆ పాప తండ్రి